వీడ్కోలుకూ ఒక మర్యాద: పదవి వీడేవారిని వ్యవస్థలు ఎలా సాగనంపుతాయి?

న్యూఢిల్లీ: తెలుగు లోగిళ్ళలో బయలుదేరేవారు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళివస్తాను' అంటారు. సాగనంపేవారు కూడా 'వెళ్ళిరండి' అనే దీవిస్తారు. ఎడబాటును అంగీకరిస్తూనే అనుబంధాన్ని నిలుపుకోవాలన్న తలంపు ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇళ్ళలో పాటించే ఈ మర్యాదకు ప్రజాజీవితంలోనూ రూపాలు ఏర్పడ్డాయి. పార్లమెంటు, సర్వోన్నత న్యాయస్థానం, రాష్ట్రపతి భవన్, సైనిక అకాడమీలు, సాధారణ ప్రభుత్వ కార్యాలయాలు తమ తమ పద్ధతుల్లో వెళ్ళేవారిని సాగనంపుతాయి. వీటిలో కొన్నింటికి మూలం రాజ్యాంగంలోనే ఉండగా, మరికొన్ని ఏళ్ళ తరబడి పాటించగా స్థిరపడిన సంప్రదాయాలు. వ్యక్తులు మారినా వ్యవస్థ నిలిచి ఉంటుందన్న భరోసాను ప్రజలకు కలిగించడం వీటి అసలు ప్రయోజనం. అందుకే ఎవరికైనా వీడ్కోలు దక్కకపోతే అది కూడా వార్త అవుతుంది.

సాగనంపడంలోని పాత అర్థం

ఆప్తులను నీటి అంచు వరకు సాగనంపి వెనుదిరగాలన్నది భారతీయ సమాజంలో పూర్వం నుంచి ఉన్న ఆచారం. కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం' నాలుగో అంకంలో కణ్వ మహర్షి శకుంతలను అత్తవారింటికి పంపే సన్నివేశం ఈ ఆచారాన్నే చూపుతుంది. సర్వసంగ పరిత్యాగి అయిన మునికి సైతం పెంచిన బిడ్డ వెళ్తుంటే గొంతు పూడుకుపోతుంది. అయినా ఆయన ఆమెను ఆపడు. కొత్త ఇంట ఎలా మెలగాలో చెప్పి పంపుతాడు. తెలుగునాట పెళ్ళిళ్ళలో అప్పగింతలు, తెలంగాణలో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయడం ఇదే భావానికి కొనసాగింపు. వీడ్కోలులో దుఃఖం, దీవెన, హితవు మూడూ కలిసి ఉంటాయి.

ఆధునిక కాలంలో విద్యార్థులు గురువుకు ఇచ్చిన వీడ్కోళ్ళలో సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు మైసూరులో దక్కినది ప్రసిద్ధమైనది. 1921లో ఆయన మైసూరు మహారాజా కళాశాలను వీడి కలకత్తా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్య పదవిని చేపట్టేందుకు బయలుదేరారు. విద్యార్థులు గుర్రాలను విప్పేసి, పూలతో అలంకరించిన బండిని రైల్వే స్టేషన్ వరకు తామే లాగుకుంటూ తీసుకువెళ్ళారు. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటింది. ఆ తరువాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు ఉపాధ్యక్షునిగా, ఉపరాష్ట్రపతిగా, 1962 నుంచి 1967 వరకు రాష్ట్రపతిగా ఆయన ఎన్నో పదవులు నిర్వహించినా, ఆ తొలినాటి వీడ్కోలు మాత్రం గురుశిష్య సంబంధానికి గుర్తుగా నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంది.

రాజ్యసభ: రెండేళ్ళకోసారి వీడ్కోలు

దేశంలో వీడ్కోలు ఒక క్రమం ప్రకారం జరిగే వేదిక రాజ్యసభ. రాజ్యాంగంలోని 83వ అధికరణం ప్రకారం ఈ సభ రద్దు కాదు. ఒక్కో సభ్యుని పదవీకాలం 6 ఏళ్ళు కాగా, ప్రతి రెండేళ్ళకు దాదాపు మూడింట ఒక వంతు సభ్యులు విరమిస్తారు. ప్రస్తుతం సభలో 245 స్థానాలు ఉండగా, వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 కేటాయించారు. లోక్‌సభ మొత్తంగా రద్దయి ఎన్నికలకు వెళ్తుంది కనుక అక్కడ అందరూ ఒకేసారి సభ్యత్వం కోల్పోతారు. రాజ్యసభలో అలా కాదు. వెళ్ళేవారికి వీడ్కోలు పలికేందుకు ఉండిపోయేవారు మిగులుతారు. వీడ్కోలు అక్కడ సంప్రదాయంగా వేళ్ళూనుకోవడానికి ఈ నిర్మాణమే కారణం.

విరమణకు ముందు జరిగే సమావేశాల్లో ఒక పూటను ఇందుకు కేటాయిస్తారు. సభాధ్యక్షుడు, ప్రధానమంత్రి, సభానాయకుడు, ప్రతిపక్ష నాయకుడు, వివిధ పార్టీల నేతలు మాట్లాడిన తరువాత విరమించే సభ్యులకు అవకాశం వస్తుంది. నిన్నటి వరకు ఒకరి ప్రసంగానికి ఒకరు అడ్డుతగిలినవారు ఆ రోజు ఒకరి సేవలను మరొకరు కొనియాడుకుంటారు. 2022 మార్చి 31న 72 మంది సభ్యులకు సభ వీడ్కోలు పలికింది. నాటి సభాధ్యక్షుడు ఎం.వెంకయ్యనాయుడు తన నివాసంలో ఇచ్చిన విందులో సభ్యులు పార్టీలకు అతీతంగా పాటలు పాడి వినిపించారు.

ఈ సందర్భాలు కొన్నిసార్లు రాజకీయ విభేదాలకు అతీతమైన అనుబంధాలను వెలుగులోకి తెస్తాయి. 2021 ఫిబ్రవరి 9న జమ్ముకశ్మీర్‌కు చెందిన నలుగురు సభ్యుల వీడ్కోలు సందర్భంగా నాటి ప్రతిపక్ష నేత గులాం నబీ ఆజాద్ గురించి మాట్లాడుతూ ప్రధాని నరేంద్ర మోదీ కంటతడి పెట్టారు. ఇద్దరూ ముఖ్యమంత్రులుగా ఉన్న రోజుల్లో కశ్మీర్‌లో గుజరాత్ యాత్రికులపై ఉగ్రవాదులు దాడి జరిపినప్పుడు ఆజాద్ తనకు ఫోన్ చేసి కన్నీటితో మాట్లాడిన విషయాన్ని ఆయన గుర్తుచేసుకున్నారు. 2024 ఫిబ్రవరి 8న మాజీ ప్రధాని మన్మోహన్ సింగ్‌కు సభ వీడ్కోలు పలికింది. 1991లో తొలిసారి సభలో అడుగుపెట్టిన ఆయన, మధ్యలో కొద్ది విరామం మినహా, దాదాపు 33 ఏళ్ళు సభ్యునిగా కొనసాగారు. ఓటింగ్‌లో ఫలితం ఏమిటో ముందే తెలిసినా చక్రాల కుర్చీలో వచ్చి ఓటు వేశారంటూ, విధి నిర్వహణకు ఆయనను ఆదర్శంగా ప్రధాని పేర్కొన్నారు. అదే ఏడాది డిసెంబరు 26న మన్మోహన్ సింగ్ కన్నుమూశారు.

సభ్యులే కాక సభాధ్యక్షులు కూడా ఇదే మర్యాదతో వెళ్తారు. నెల్లూరు జిల్లా చవటపాలెంలో జన్మించిన వెంకయ్యనాయుడుకు 2022 ఆగస్టు 8న సభ వీడ్కోలు పలికింది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ సభ్యులు మాట్లాడేందుకు వీలుగా ఏకకాల అనువాద సదుపాయం 2018లో ఆయన హయాంలోనే పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చింది. పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆయన జీవితాన్ని ఒక ప్రతిపక్ష సభ్యుడు ప్రస్తావించినప్పుడు నాయుడు కళ్ళు చెమర్చాయి. ఆయన తరువాత వచ్చిన జగదీప్ ధన్‌ఖడ్ విషయంలో పరిస్థితి వేరు. 2025 జులై 21న అనారోగ్య కారణాలు చూపుతూ ఆయన పదవీకాలం మధ్యలోనే రాజీనామా చేశారు. ఆయనకు వీడ్కోలు పలికే అవకాశం సభకు దక్కలేదు.

సుప్రీంకోర్టు: వారసుని పక్కన చివరి ఆసనం

సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 65 ఏళ్ళకు, హైకోర్టు న్యాయమూర్తులు 62 ఏళ్ళకు విరమించాలని రాజ్యాంగం నిర్దేశించింది. పుట్టినరోజును బట్టి విరమణ తేదీ ముందే తెలుస్తుంది కనుక వీడ్కోలుకు తగిన సమయం ఉంటుంది. ప్రధాన న్యాయమూర్తి తన చివరి పనిదినాన తదుపరి ప్రధాన న్యాయమూర్తితో కలిసి లాంఛన ధర్మాసనంపై ఆసీనులవుతారు. అటార్నీ జనరల్, సొలిసిటర్ జనరల్, బార్ అసోసియేషన్ అధ్యక్షుడు, సీనియర్ న్యాయవాదులు ఆయన సేవలను స్మరిస్తారు. ఆ సాయంత్రం సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ విడిగా వీడ్కోలు సభ నిర్వహిస్తుంది. వెళ్ళేవారు, వచ్చేవారు ఒకే ధర్మాసనంపై కనిపించడంలో అధికార మార్పిడి సాఫీగా సాగుతోందన్న సంకేతం ఉంది.

ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరానికి చెందిన జస్టిస్ ఎన్.వి.రమణ 48వ ప్రధాన న్యాయమూర్తిగా 2022 ఆగస్టు 26న విరమించారు. ఆ రోజు లాంఛన ధర్మాసనం కార్యకలాపాలను ప్రత్యక్ష ప్రసారం చేశారు. సుప్రీంకోర్టు కార్యకలాపాలను దేశ ప్రజలు ప్రత్యక్షంగా చూడగలగడం అదే తొలిసారి. ప్రత్యక్ష ప్రసారాలకు 2018లోనే తీర్పు అనుమతించినా, రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు ప్రసారం కావడం మరో నెల తరువాత మొదలైంది. అలా న్యాయస్థానం తలుపు ప్రజలకు తెరుచుకున్నది ఒక వీడ్కోలు సందర్భంలోనే. కేసులను విచారణ జాబితాలో చేర్చే అంశంపై తగినంత దృష్టి పెట్టలేకపోయానంటూ జస్టిస్ రమణ ఆ రోజు విచారం వ్యక్తం చేశారు. 2024 నవంబరు 8న చివరి పనిదినాన జస్టిస్ డి.వై.చంద్రచూడ్ సైతం తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించాలని కోరారు.

ఈ రెండు సందర్భాలూ వీడ్కోలు సభకున్న మరో ప్రయోజనాన్ని తెలియజేస్తాయి. ఉండిపోయేవారికి అది కృతజ్ఞతలు చెప్పే సమయం. వెళ్ళేవారికి చేసిన పని, చేయలేకపోయిన పని రెండింటి లెక్కా ఒప్పజెప్పే సమయం. పదవిలో ఉండగా అలా మాట్లాడితే పరిపాలనాపరమైన అర్థాలు తీస్తారు. పదవి వీడే క్షణంలో ఆ మాటలు నిజాయితీగా వినిపిస్తాయి.

వద్దన్నవారు, దక్కనివారు

వీడ్కోలు అందరూ కోరుకునేది కాదు. కృష్ణా జిల్లాకే చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ 2018లో విరమించే ముందు బార్ అసోసియేషన్ వీడ్కోలు సభకు రావాలన్న ఆహ్వానాన్ని సున్నితంగా తిరస్కరించారు. అదే ఏడాది జనవరి 12న మరో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులతో కలిసి ఆయన విలేకరుల సమావేశం నిర్వహించి, కేసుల కేటాయింపు తీరుపై బహిరంగంగా ఆక్షేపణ తెలిపారు. అయినా మే 18న తన చివరి పనిదినాన సంప్రదాయాన్ని అనుసరించి నాటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రాతో కలిసి ఒకే ధర్మాసనంపై కూర్చున్నారు. వ్యక్తిగతమైన సన్మానాన్ని వద్దనుకోవచ్చు గానీ వ్యవస్థ మర్యాదను కాదనకూడదన్న అర్థం ఆయన వైఖరిలో ఎందరికో కనిపించింది.

2025 మేలో ఇందుకు భిన్నమైన పరిస్థితి ఎదురైంది. జస్టిస్ బేలా త్రివేది చివరి పనిదినాన సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ సంప్రదాయంగా ఇచ్చే వీడ్కోలు సభను నిర్వహించలేదు. లాంఛన ధర్మాసనంపై నుంచే నాటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్.గవాయ్ ఈ వైఖరిని బహిరంగంగా తప్పుపట్టారు. అసోసియేషన్ అధ్యక్షుడు కపిల్ సిబల్ మాత్రం ధర్మాసనం ఎదుట హాజరవడాన్ని ఆయన అభినందించారు. తీర్పులతో విభేదించే హక్కు న్యాయవాదులకు ఉంటుంది. ఆ విభేదం వీడ్కోలు వరకు రావచ్చా అన్నదే అక్కడ తలెత్తిన ప్రశ్న. నచ్చినవారికే దక్కితే వీడ్కోలు సన్మానంగా మిగులుతుంది. అందరికీ సమానంగా దక్కినప్పుడే అది వ్యవస్థ మర్యాద అవుతుంది.

రాష్ట్రపతి: కుర్చీలు మారే క్షణం

దేశాధినేత వీడ్కోలు కొన్ని రోజుల పాటు సాగుతుంది. పదవీకాలం ముగిసే ముందు పార్లమెంటు సెంట్రల్ హాలులో ఎంపీలు రాష్ట్రపతికి వీడ్కోలు పలుకుతారు. 2022 జులై 23న రామ్‌నాథ్ కోవింద్‌కు ఇలాంటి వీడ్కోలు లభించింది. ఎంపీలందరూ సంతకాలు చేసిన పుస్తకాన్ని, జ్ఞాపికను ఆయనకు అందజేశారు. పదవి వీడే ముందు రోజు సాయంత్రం ఆయన జాతినుద్దేశించి ప్రసంగించారు. మరునాడు కొత్త రాష్ట్రపతి, పాత రాష్ట్రపతి ఒకే ఊరేగింపులో పార్లమెంటుకు చేరుకుంటారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రమాణం చేయించిన వెంటనే ఇద్దరూ తమ కుర్చీలు మార్చుకుంటారు. ప్రపంచంలోనే అతిపెద్ద ప్రజాస్వామ్యంలో అత్యున్నత పదవి చేతులు మారిందనడానికి ఆ చిన్న కదలికే సంకేతం. అనంతరం కొత్త రాష్ట్రపతి స్వయంగా వెళ్ళి పాత రాష్ట్రపతిని ఆయన కొత్త నివాసంలో దిగబెట్టి వస్తారు. ద్రౌపది ముర్ము ఆ రోజు కోవింద్ వెంట జన్‌పథ్‌లోని 12వ నంబరు నివాసం వరకు వెళ్ళారు. ఇంటికి వచ్చినవారిని గడప దాటి సాగనంపే ఆచారమే ఇక్కడ రాజలాంఛనంగా మారింది.

ఈ మార్పిడికి జులై 25 స్థిరపడటం వెనుక తెలుగువారి ప్రస్తావన ఉంది. పోటీ లేకుండా ఎన్నికైన ఏకైక రాష్ట్రపతి, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి 1977 జులై 25న ప్రమాణ స్వీకారం చేశారు. ఆ తరువాత వచ్చిన రాష్ట్రపతులందరూ అదే తేదీన బాధ్యతలు చేపడుతున్నారు.

అకాడమీలు: ఆఖరి అడుగు, తొలి వందనం

విరమణకు సంబంధం లేని వీడ్కోలు సైనిక అకాడమీల్లో కనిపిస్తుంది. అక్కడ వెళ్ళేవారు ఇరవై ఏళ్ళు దాటిన యువతీయువకులు. డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలో శిక్షణ పూర్తిచేసినవారు చెట్‌వుడ్ భవనం ఎదుట 'అంతిమ్ పగ్' అనే ఆఖరి అడుగు వేస్తారు. ఆ మెట్టు దాటితే వారు శిక్షణార్థులు కారు, సైన్యాధికారులు. తరువాత తల్లిదండ్రులు తమ బిడ్డల భుజాలపై హోదా చిహ్నాలు అలంకరిస్తారు.

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో సంయుక్త స్నాతకోత్సవ కవాతు ముగింపు ఘట్టం ఇంకా హృద్యంగా ఉంటుంది. కొత్తగా నియమితులైన అధికారులు రెండు వరుసల్లో, రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన 'ఆనందలోకే' గీతం బాణీకి అనుగుణంగా మందగమనంతో కవాతు మైదానం వీడుతారు. అప్పుడు వారికి తొలి వందనం సమర్పించేది ఉన్నతాధికారులు కాదు, నిన్నటి వరకు వారితో కలిసి తిరిగిన జూనియర్లు. వెళ్ళేవారికి అది కొత్త బాధ్యతకు ఆరంభం. వందనం చేసేవారికి తమ వంతు వస్తుందన్న భరోసా.

సామాన్య ఉద్యోగికి దక్కేదేమిటి?

దేశంలో అత్యధిక వీడ్కోళ్ళు జరిగేది ప్రభుత్వ కార్యాలయాల్లో, పాఠశాలల్లో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సాధారణ విరమణ వయసు 60 ఏళ్ళు. తెలంగాణ 2021లో దీన్ని 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022 జనవరి నుంచి 60 నుంచి 62కి పెంచాయి. కేంద్ర నిబంధనల ప్రకారం ఉద్యోగి ఆ వయసు నిండిన నెలాఖరు మధ్యాహ్నం విరమిస్తారు. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజునే విరమించాలి. ప్రతి నెలా ఆఖరి రోజున కార్యాలయాల్లో శాలువాలు, పూలదండలు, సన్మాన పత్రాలు కనిపించడానికి ఈ నిబంధనే కారణం.

అయితే ఉద్యోగి కుటుంబానికి ఆ రోజు అసలైన కానుక పింఛను ఉత్తర్వు. పత్రాలు సకాలంలో తయారు కాకపోతే, ముప్పై ఏళ్ళు పనిచేసిన కార్యాలయం చుట్టూనే విశ్రాంత ఉద్యోగి తిరగాల్సి వస్తుంది. సభలో పొగిడినవారి బల్లల ముందే అర్జీ పట్టుకుని నిలబడాల్సిన పరిస్థితి ఆ పొగడ్తలకు విలువ లేకుండా చేస్తుంది. ఈ జాప్యాన్ని నివారించేందుకు కేంద్ర పింఛన్ల విభాగం 'భవిష్య' అనే ఆన్‌లైన్ వ్యవస్థను తెచ్చింది. పింఛను పత్రాలు ఏ దశలో ఉన్నాయో ఉద్యోగి అందులో స్వయంగా చూసుకోవచ్చు. విరమణకు దగ్గరపడిన వారికి ముందస్తు అవగాహన కార్యక్రమాలనూ ఆ విభాగం నిర్వహిస్తోంది.

వీడ్కోలు తరువాత

పదవి వీడినవారి కొత్త ప్రయాణంపై కొన్ని హద్దులు ఉన్నాయి. రాజ్యాంగంలోని 124వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు దేశంలోని ఏ న్యాయస్థానంలోనూ, ఏ అధికార సంస్థ ఎదుటా వాదించరాదు. హైకోర్టు శాశ్వత న్యాయమూర్తులుగా పనిచేసినవారు సుప్రీంకోర్టులోనూ, తాము పనిచేయని ఇతర హైకోర్టుల్లోనూ మాత్రమే వాదించవచ్చు. కేంద్ర ప్రభుత్వ గ్రూపు-ఎ అధికారులు విరమించిన ఏడాదిలోపు ప్రైవేటు వాణిజ్య సంస్థల్లో చేరాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలి. పదవిలో ఉండగా తీసుకునే నిర్ణయాలపై రేపటి ఉద్యోగం నీడ పడకూడదన్నదే ఈ నియమాల ఉద్దేశం.

చట్టం అడ్డుచెప్పని చోట కూడా చర్చ ఆగలేదు. తొలి తెలుగు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ కోకా సుబ్బారావు 1967 ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్‌పై పోటీచేసి ఓడిపోయారు. 2019 నవంబరులో విరమించిన జస్టిస్ రంజన్ గొగోయ్‌ను నాలుగు నెలల్లోనే రాజ్యసభకు నామినేట్ చేయడం విమర్శలకు దారితీసింది. న్యాయమూర్తులకు విరమణ అనంతరం కొంత విరామ కాలం తప్పనిసరి చేయాలన్న సూచన అప్పటి నుంచి మరింత బలంగా వినిపిస్తోంది. మరోవైపు వారి అనుభవాన్ని ట్రైబ్యునళ్ళకు, కమిషన్లకు ఉపయోగించుకోవాలన్న వాదనా ఉంది. కొన్ని ట్రైబ్యునళ్ళు, కమిషన్లకు విశ్రాంత న్యాయమూర్తులే సారథ్యం వహించాలని చట్టాలే చెబుతున్నాయి.

ఇంకొందరు వీడ్కోలు తరువాత తమకు ఇష్టమైన పనికే తిరిగి వెళ్ళారు. 2007 జులైలో రాష్ట్రపతి భవన్ వీడిన ఎ.పి.జె.అబ్దుల్ కలాం మళ్ళీ బోధన చేపట్టారు. 2015 జులై 27న షిల్లాంగ్‌లోని ఐఐఎంలో విద్యార్థుల ఎదుట ప్రసంగిస్తూనే ఆయన కుప్పకూలి కన్నుమూశారు. పదవి వీడిన ఏడాది తరువాత రామ్‌నాథ్ కోవింద్ జమిలి ఎన్నికలపై ఏర్పాటైన ఉన్నతస్థాయి కమిటీకి నేతృత్వం వహించి, 2024 మార్చిలో 18,626 పేజీల నివేదికను సమర్పించారు.

కుర్చీ మార్చుకోవడం, ధర్మాసనంపై పక్కపక్కన కూర్చోవడం, జూనియర్ చేసే వందనం, విరమణ రోజునే చేతికి అందే పింఛను ఉత్తర్వు వేర్వేరు స్థాయిల్లో కనిపించినా, వాటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. వెళ్ళేవారు బాధ్యతను పూర్తిగా అప్పగించి వెళ్ళాలి, ఉండేవారు గౌరవాన్ని పూర్తిగా చెల్లించి పంపాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా వీడ్కోలు వెలితిగా మిగులుతుంది.